లోపాల గడి

మిస్ లిమ్ మా ఇంటికి వచ్చిన రోజు తాతయ్య మంచం కింద నుంచి ముప్పై ఎనిమిది పుస్తకాలు ఒక్కొక్కటిగా బయటికి లాగాడు. ఏడాదికి ఒకటి. కొన్నిటి అట్టలు చెమ్మకు ఉబ్బిపోయాయి. మిస్ లిమ్ ఒకటి తెరిచి చాలాసేపు చూసి, "అంకుల్, ఇది ఏ భాష?" అని ఇంగ్లిష్‌లో అడిగింది.

"తెలుగు," అన్నాడు తాతయ్య. అడగాల్సిన ప్రశ్నేనా ఇది అన్నట్టుంది ఆయన ముఖం.

ఆమె ఇంజనీరు. యూ టీలో మా ఫ్లాట్ నుంచి బస్సులో ఇరవై నిమిషాలు పోతే మడచెట్ల మధ్య ఒక ఉప్పునీటి వాగు ఉంది. దాని మీద ఎత్తి దించే పాత ఇనుప వంతెన ఉంది. మా తాతయ్య కన్నయ్య దానికి కాపలాదారు. పడవ వస్తే చక్రం తిప్పి వంతెన రెక్కను పైకి లేపుతాడు, పడవ దాటాక దించుతాడు. అలాంటిదే ఇంకొకటి, అదే కంపెనీ చేసినది, కొంచెం తూర్పుగా మరో వాగు మీద ఉంది. రెండూ ముసలివైపోయాయి. రెండింటినీ బాగుచేయించే స్తోమత వాటిని చూసుకునే కమిటీకి లేదు. ఒకదాన్ని బాగుచేస్తారు. రెండోదాన్ని ఇక కదలకుండా వెల్డింగ్ చేసి మామూలు వంతెనగా వదిలేస్తారు. ఏది ఉండాలో తేల్చడానికి రెండింటినీ పోల్చి రాయడం మిస్ లిమ్ పని.

అందులోకి నేను ఎలా వచ్చానంటే, ఆ పుస్తకాలు చదివే తీరిక మా ఇంట్లో నాకే ఉంది. నాన్న రవీంద్రన్ మలేషియాలో పుట్టాడు. తెలుగు మాట్లాడతాడు కానీ అక్షరాలు రావు. అమ్మకు వారంలో ఆరు రోజులు క్యాంటీన్ డ్యూటీ. నేను పుట్టిన ఏడాదే నానమ్మ పోవడంతో చూసుకునేవాళ్ళు లేక నన్ను కోనసీమలో అమ్మమ్మ దగ్గర ఉంచారు. పదో తరగతి దాకా అక్కడి జిల్లా పరిషత్ బడిలో చదివాను. ఇక్కడికి వచ్చి రెండేళ్ళయింది. ఇంగ్లిష్‌లో నేను ఒక వాక్యం కూర్చుకునేలోపు ఎదుటివాళ్ళు రెండు సంగతులు దాటి వెళ్ళిపోతారు. అందుకని ఎక్కువగా తాతయ్యతోనే మాట్లాడతాను. శనివారాలు ఆయనతో వంతెన దగ్గరికి పోయి స్పానర్లు అందిస్తాను. ఇంటికొచ్చాక ఆ రోజు ఏం చేశామో డైరీలో రాసుకుంటాను.

"నవత చదివి చెప్తుంది. గుడ్ గర్ల్," అన్నాడు నాన్న మిస్ లిమ్‌తో. తర్వాత తాతయ్య వైపు తిరిగి, "పా, డెబ్బై నాలుగు వచ్చింది నీకు. వెల్డింగ్ చేసేస్తే చేసేయనీ. ఇనఫ్ లా. ఇంట్లో కూర్చో," అన్నాడు.

"ఇంట్లో ఏటి సెయ్యమంటావు? ఫ్యాను కింద కూకుని దాని రెక్కలు లెక్కెట్టమంటావేటి?"

నాన్న నవ్వేశాడు. తాతయ్య నవ్వలేదు.

పుస్తకాలను ఇంగ్లిష్‌లో రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ప్రతి పేజీలోనూ ఆరు గళ్ళు. తారీఖు, పోటు పాటు వేళలు, పడవ పేరు, ఎత్తిన వేళ, దించిన వేళ. ఆరో గడి లోపాలది. తాతయ్య అక్షరాలు గుండ్రంగా, ఒకదాన్నొకటి తాకకుండా ఉంటాయి. మలేషియాలోని పేరాక్‌లో కొబ్బరి తోట కూలీల పిల్లల కోసం నడిపిన తెలుగు బడిలో ఆయన మూడేళ్ళు చదివాడు. అక్కడ నేర్పిన చేతిరాతే ఇప్పటికీ. పడవల పేర్లు మారాయి, కలాలు మారాయి. ఆరో గడిలో మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళూ ఒకటే మాట. బాగుంది.

నేను రాస్తూ రాస్తూ ఒక చోట ఆగిపోయాను. పోయిన ఏడాది ఆగస్టులో ఒక శనివారం పేజీ అది. ఆ రోజు చక్రానికి ఉన్న పిన్ను సగానికి విరిగింది. రెక్క సగంలో నిలబడిపోయింది. తాతయ్య, నేను మూడు గంటలు అవస్థపడి పాత బోల్టు ఒకటి అరగదీసి దాని స్థానంలో బిగించాం. నా డైరీలో రెండు పేజీలు రాసుకున్నాను, బొమ్మతో సహా. తాతయ్య పుస్తకంలో మాత్రం, బాగుంది.

నేనూ అలాగే రాశాను. ఉన్నది ఉన్నట్టు రాయడమే కదా నా పని అనుకున్నాను.

నా కాగితాలు చూసి మిస్ లిమ్ కనుబొమలు ముడిచింది. కోప్పడలేదు. "అంకుల్, మీరు ఆ రెండో వంతెన చూశారా?" అని అడిగింది.

"నేదు. మన వంతెన వదిలీసి నానెక్కడికెల్తాను?" అన్నాడు తాతయ్య నాతో. ఆమెకు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు ఆమె మమ్మల్ని తన కారులో తీసుకుపోయింది. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, పెళ్ళిచూపులకు పోయినట్టు. దిగగానే ఆ వంతెన చుట్టూ తిరిగాడు. పళ్ళ చక్రం మీద వేళ్ళు పెట్టి ఒక్కో పన్నూ తడిమాడు. వంగి కింద ఉన్న బరువు పెట్టె చూశాడు. రెక్క పైకి లేవాలంటే వెనక వైపు అంత బరువు వేలాడాలి. ఆ పెట్టెలో ఇనుప దిమ్మలు ఉంటాయి.

"దీని పళ్ళు మనదాని కంటే బాగున్నాయి," అన్నాడు చివరికి. "రెక్క మాత్రం మనదే సూటిగా ఉంది. ఇది కాస్త ఎడంకి ఒరిగింది. సెప్పు ఆవిడికి."

చెప్పాను. మిస్ లిమ్ తన ఫోన్‌లో ఏదో కొలత చూసుకుని, "పన్నెండు మిల్లీమీటర్లు. కంటితో ఎలా చూశారు?" అంది. తాతయ్య ముఖం చిన్నపిల్లాడి ముఖంలా విచ్చుకుంది. ఆ కాసేపు మన వంతెనే గెలుస్తుందని నేను కూడా అనుకున్నాను.

కాపలా గదిలో మేకుకు ఒక లావు పుస్తకం వేలాడుతోంది. హాసన్ అని ఒక మలయ్ ముసలాయన అక్కడ కాపలా ఉండేవాడట. రెండేళ్ళ కింద చనిపోయాడు. తాతయ్య పుస్తకం దించి నా చేతిలో పెట్టాడు.

"సదువు."

"నాకు మలయ్ రాదు కదా తాతయ్యా."

"నీకు అచ్చరాలొచ్చు. నాకు మాటొచ్చు. సదువు."

ఇంగ్లిష్ అక్షరాలే కాబట్టి కూడబలుక్కుని చదివాను. "పిన్ పతా."

"పిన్ను ఇరిగిందట."

"గిగీ రోడా పతా."

"సక్రం పన్ను ఇరిగిందట. సూసినావా అమ్మీ, ముసిలోడికి సిగ్గు నేదు! పెళ్ళాం రోగాలన్నీ గోడకి ఏలాడగట్టినట్టు ఇదేటిది?"

నాకు నవ్వొచ్చింది. తాతయ్య కూడా తొడ చరుచుకుని నవ్వాడు. తర్వాతి పేజీ తిప్పాను. "ఆయిర్ హుజాన్ మాసుక్. సలా సాయా."

ఆయన నవ్వు ఆగింది. "ఏటన్నావు? మళ్ళీ సదువు."

మళ్ళీ చదివాను.

"పెట్టెలోకి వాన నీరు సొరబడింది. నా తప్పు. అని రాసినాడు." తాతయ్య పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, తనకు చదవడం రాని ఆ గీతలను బొటనవేలితో నిమిరాడు. "నా తప్పు అని. ఎవులూ అడక్కుండానే."

తిరుగు ప్రయాణంలో మిస్ లిమ్ మమ్మల్ని బస్ స్టాపులో దింపింది. బస్సు కోసం కూర్చున్నప్పుడు తాతయ్య తనంతట తానే మొదలుపెట్టాడు.

"మన పెట్టెలోకీ సొరబడింది అమ్మీ, వాన నీరు. తొంభై ఆరులో. బరువు ఎక్కువైపోయి, లేపిన రెక్క దిగనంది. నాను కిందకి దిగి, బురదలో పడుకుని, పెట్టె అడుక్కి బెజ్జం ఏసినాను. నీళ్ళన్నీ నా ముకం మీదే పడినాయి."

"మరి పుస్తకంలో ఎందుకు రాయలేదు?"

ఆయన రోడ్డు వైపు చూశాడు. ఎదురుగా ఒక లారీ పోయింది.

"తోటలో మా నాన కొబ్బరి ఎండబెట్టే కొట్టం కాడ పని సేసేవోడు. ఒకనాడు మిషను పట్టీ తెగిందని దొరకి ఎల్లి సెప్పినాడు. తెగినప్పుడు కాడ ఉన్నోడు ఎవుడు? మా నాన. ఇంకేటుంది, ఆడే తెంపినాడన్నారు. పనీ పోయింది, ఇల్లూ పోయింది. మాకు ఆయన ఒకటే సెప్పినాడు. మిషనుకి జబ్బు సేస్తే నీ సేత్తో నువ్వు బాగు సేసుకో. కాగితం మీద మటుకు ఎట్టకు."

"ఇప్పుడు చెప్పేద్దాం తాతయ్యా. నా డైరీలో రెండేళ్ళవి ఉన్నాయి. మిగతావి నువ్వు చెప్తే రాస్తాను."

"సెప్తే ఏటంటారు? ముప్పై ఎనిమిదేళ్ళు అబద్ధం రాసినాడంటారు. ఒక్క లోపం లేకుండా నడిపినానని పడవలోళ్ళు శాలువా కప్పినారు, నీకు తెల్దు. మీ నాన ఫొటో కూడా తీసినాడు." ఆయన లేచి నిలబడ్డాడు. బస్సు ఇంకా రాలేదు. "నీ డైరీ నీది. ఎవులికీ సూపించకు."

మాట తీసుకున్నాడు. ఇచ్చాను.

మీటింగు బుకిట్ పంజాంగ్‌లో ఒక హాలులో పెట్టారు. నలభై మంది దాకా వచ్చారు. పడవల వాళ్ళు ఆరుగురే. మిగతావాళ్ళు కమిటీ, చుట్టుపక్కల ఫ్లాట్ల జనం. మిస్ లిమ్ తెర మీద రెండు వంతెనలనూ పక్కపక్కన చూపించింది. రెండూ ఒకేలా ఉన్నాయి, కవలల్లా. మా వంతెన రెక్క సూటిగా ఉందని, వాగు లోతుగా ఉందని, పడవలు ఇంకా తిరుగుతున్నాయని మొదట మంచివే చెప్పింది. తర్వాత పుస్తకాల సంగతికి వచ్చింది. రెండో వంతెనకు హాసన్ రాసిన లోపాలు రెండు వందల పైచిలుకు. ఏ భాగం ఎప్పుడు పోయిందో, ఏం వేశాడో అన్నీ ఉన్నాయి. మా వంతెనకు సున్నా.

"కానీ నేను పరీక్షించినప్పుడు ఈ వంతెనలో పదకొండు చోట్ల వెల్డింగ్ అతుకులు కనబడ్డాయి," అందామె. "పుస్తకంలో ఒక్కటీ లేదు. లోపల ఏముందో తెలియకుండా దీన్ని బాగుచేయడానికి ఎంతవుతుందో నేను చెప్పలేను. ఎన్నాళ్ళు నిలుస్తుందో అంతకన్నా చెప్పలేను."

పడవలవాళ్ళ సెక్రటరీ లేచి, కన్నయ్య లాంటి మనిషి దొరకడని, ఆయన చేతిలో వంతెన ఒక్క రోజు కూడా మొరాయించలేదని గట్టిగా చెప్పాడు. కొందరు చప్పట్లు కొట్టారు. ఆ మాటలు ఆయన మంచికే అన్నాడు. ఒక్కో మాటకూ తాతయ్య తల కొంచెం కొంచెం కిందికి దిగింది.

అప్పుడు మిస్ లిమ్ నా వైపు చూసింది. మైకు వదిలేసి, మామూలు గొంతుతో, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా అడిగింది. "నవతా, ఇంకేమైనా కాగితాలు ఉన్నాయా? చిన్నదైనా పర్వాలేదు. ఎక్కడైనా ఎవరైనా రాసుకున్నది?"

డైరీ నా సంచీలో ఉంది. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. మాట ఇచ్చాక కూడా తెచ్చాను. సంచీ పట్టీ గట్టిగా పట్టుకున్నాను. ఎస్ అనే మాట ఎంతసేపు? కానీ ఎస్ అన్న తర్వాత ఇంకా చాలా చెప్పాలి. అవన్నీ ఇంగ్లిష్‌లో చెప్పాలి. అందరి ముందూ మా తాతయ్య అబద్ధం రాశాడని చెప్పాలి. తాతయ్య వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. వద్దని తల ఊపలేదు. చెప్పమనీ అనలేదు.

"నో," అన్నాను.

"ఓకే," అంది మిస్ లిమ్. ఆమె ఇంకొక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో కూడా నేను చెప్పి ఉండొచ్చు.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. నాన్న చదివి, తాతయ్య భుజం మీద చెయ్యి వేసి, "పా, అదర్ వన్ సెలెక్ట్ అయింది," అన్నాడు. రేడియోలో పాట వస్తోంది. తాతయ్య లేచి కట్టేశాడు. "మరైతే ఎప్పుడు వెల్డు సేస్తారట?" అని అడిగాడు. ఇంకేమీ అడగలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో ఆయన దగ్గరికి పోయి, డైరీ ఆ రోజు సంచీలోనే ఉందని చెప్పాను. చెప్తుంటే ఏడుపు వచ్చింది. నేను నోరు తెరిచి ఉంటే వంతెన ఉండేదని అన్నాను.

"నానే తెరవనేదు నోరు. ముప్పై ఎనిమిదేళ్ళు తెరవనోడిని నానుండగా నీ నోటిదేటి తప్పు?" అన్నాడు. నా తల నిమరలేదు, దగ్గరికి తీసుకోలేదు. అది ఆయనకు అలవాటు లేదు. టీ కప్పు నా ముందుకు జరిపి, "కొత్త పుస్తకం ఒకటి తే. కలం తే," అన్నాడు.

నాలుగు సాయంత్రాలు ఆయన చెప్పాడు, నేను రాశాను. పాత పుస్తకాలు ఒక్కొక్కటీ ఒడిలో పెట్టుకుని పేజీలు తిప్పుతూ, ఒక పడవ పేరు దగ్గరో ఒక వాన రోజు దగ్గరో వేలు ఆపి చెప్పేవాడు. పిన్ను ఏడుసార్లు విరిగింది. గొలుసు రెండుసార్లు తెగింది. ఒకసారి బేరింగులో ఇసుక పడితే కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టాడు. ఒకసారి చక్రం వెనక్కి తిరిగి ఆయన పక్కటెముక విరిగింది. ఇంట్లో నిచ్చెన మీంచి పడ్డానని చెప్పాడట. ఏ సంగతీ మరిచిపోలేదు. ఇన్నేళ్ళూ కాగితం మీద పెట్టనిదంతా ఆయన ఒంట్లోనే పెట్టుకున్నాడు.

మూడో సాయంత్రం ఒక పేజీ దగ్గర ఆగి, దాటేసి, మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"నువ్వు పుట్టిన సంవత్సరం. మీ నానమ్మ రాజామణి ఆస్పత్రిలో ఉంది. ఆయాల పొద్దున్న రెక్క లేపినాక గొలుసు పట్టీసింది. కింద రోడ్డు మూసీసి ఉంది, అటు పక్క ఒక గర్బిణీ పిల్ల కారులో ఉంది. వదిలీసి ఎల్లలేను. ఎవులినీ పిలవలేను, పిలిస్తే పాడైందని తెలిసిపోద్ది. మీ నాన ఫోను సేస్తానే ఉన్నాడు. మూడు గంటలు పట్టింది. దించినాను. అప్పుడు ఫోను ఎత్తినాను." ఆయన గొంతు మారలేదు. "గొలుసు పట్టీసింది అని రాయి. మూడు గంటలు అని రాయి."

"ఇంకేమన్నా రాయనా తాతయ్యా?"

"ఇది వంతెన పుస్తకం అమ్మీ. వంతెనదే రాయి."

అంతే రాశాను. ఆ పుటలో ఆరో గడిలో ఆయన చేతిరాతలో ఉన్న మాట వైపు ఇద్దరం చూడలేదు.

ఆ పుస్తకం ఇంగ్లిష్‌లో కూడా రాసి, మిస్ లిమ్ ఆఫీసుకు ఒక్కదాన్నే ట్రైనులో పోయి ఇచ్చాను. ఆమె నిలబడే చదవడం మొదలుపెట్టి, తర్వాత కుర్చీలో కూర్చుంది. సగం చదివి కళ్ళజోడు తీసింది. "ఇది ఒక నెల ముందు నా చేతిలో ఉంటే," అని, మిగతాది అనలేదు. సంతకాలు అయిపోయాయట. కాంట్రాక్టు ఇచ్చేశారట. రెండూ ఒకటే రకం కాబట్టి ఆ వంతెన బాగుచేసేవాళ్ళకు ఈ పుస్తకం పనికొస్తుంది, తీసుకోవచ్చా అని అడిగింది. తాతయ్యను అడిగి చెప్తానన్నాను. ఫోన్ చేస్తే, "ఇచ్చీ. హాసన్‌ది కూడా పాతదే కదా, పాపం," అన్నాడు.

వెల్డింగ్ రోజు మంగళవారం. తాతయ్య రానన్నాడు. పొద్దున్నే లేచి ఎక్కడికో పోయి, ఎనిమిదింటికి తిరిగి వచ్చి, స్నానం చేసి పడుకున్నాడు. నేను పోతానంటే, "ఎండలో నిలబడకు," అన్నాడు.

వాగు దగ్గర ముగ్గురు పనివాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒకాయన కరీంనగర్ వైపువాడు, పేరు తిరుమలేష్. నేను ఫోన్‌లో అమ్మతో తెలుగులో మాట్లాడటం విని పలకరించాడు. "మనోళ్ళేనా పాపా? జర దూరం నిలబడు, రవ్వలు పడ్తయ్."

రెక్క అంచులు రెండూ వెల్డు చేశారు. తర్వాత పళ్ళ చక్రం తిరగకుండా దాన్ని కూడా అతికించాలి. తిరుమలేష్ వంగి రాడ్డు పెట్టాడు. చిటపటమని పొగ వచ్చింది కానీ అతుకు పట్టలేదు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పొగ.

"ఏందిది?" అని ముసుగు ఎత్తి వేలితో చక్రాన్ని తాకి చూశాడు. వేలు పచ్చగా, మెత్తగా మెరిసింది. "గ్రీజు! గిప్పుడే పెట్టిండ్రు, పొద్దుగాల్నే. పన్ను పన్నుకు పెట్టిండు. బంద్ జేసే మిషిన్‌కు గ్రీజు వెట్టెటోడు ఎవడు?"

నేను చక్రం దగ్గరికి జరిగాను.

"గిదంతా తుడిస్తెగాని పట్టది," అని ఆయన గుడ్డ కోసం అటూ ఇటూ చూశాడు. మిగతా ఇద్దరూ లారీ దగ్గర ఉన్నారు.

"నేను తుడుస్తానన్నా," అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూసి, ఒక గుడ్డ పీలిక ఇచ్చాడు. చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. యాభై రెండు పళ్ళు. ప్రతి పన్ను సందులోనూ తాతయ్య వేలి గుర్తు ఉంది. ఒక సందు తుడిచి, గుడ్డ మడత మార్చి, ఇంకో సందు తుడిచాను. గ్రీజు కింద నుంచి ఇనుము తెల్లగా బయటపడింది.

"చాలు పాపా, మస్తుగయింది," అన్నాడు తిరుమలేష్ కాసేపటికి.

"ఇంకొంచెం ఉందన్నా," అన్నాను. చివరి పన్ను దాకా తుడిచి, లేచి పక్కకు జరిగాను. ఆయన ముసుగు దించుకున్నాడు. ఈసారి అతుకు పట్టింది.